నాన్న పడవకు కరెంటు మోటారు

ప్రశ్న: మాది సఖినేటిపల్లి దగ్గర గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. నాన్న ముప్ఫై ఏళ్లుగా వశిష్ఠ పాయలో వేట చేస్తున్నారు. మాకు ఇరవై అడుగుల ఫైబర్ పడవ, ఎనిమిది హార్స్‌పవర్ పెట్రోలు మోటారు ఉన్నాయి. రోజుకు మూడు లీటర్లు పోస్తారు. వల ఖాళీగా వచ్చిన రోజు ఆ డబ్బు చేతి నుంచే పోతుంది. మోటారు హోరుకు నాన్న ఎడమ చెవి సరిగా వినపడటం లేదు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ కొంత దాచాను. మూడు కిలోవాట్ల కరెంటు మోటారు, లిథియం బ్యాటరీ, ఛార్జరు కలిపి 2,80,000 రూపాయలని ఒక దుకాణంలో చెప్పారు. ఈ-ఆటో బ్యాటరీలు పెడితే సగంలో సగం ఖర్చు తగ్గుతుందని బాబాయి అంటున్నారు. నాన్న మాత్రం 'నీళ్లలో కరెంటేమిటి? ఏటి మధ్యలో ఆగిపోతే ఎవరు తెస్తారు?' అంటున్నారు. కొనమంటారా?

సమాధానం:

అమ్మా,

మీ నాన్నగారి రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. ఏటి మధ్యలో ఆగిపోతే ఎవరు తెస్తారన్న మాటకు మీ ఇంట్లో అందరికీ నమ్మకం కలిగే జవాబు దొరికేదాకా ఆ డబ్బు బ్యాంకులోనే ఉంచండి. జవాబు ఉంది. పాతికేళ్లు పడవ ఇంజన్లు విప్పి బిగించిన అనుభవంతో చెబుతున్నాను: పాయలో వేటకు కరెంటు మోటారు చక్కగా పనికొస్తుంది. అంతర్వేది మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, దాటి వెళ్లడానికి మీరు చెప్పిన సరంజామా చాలదు. పాత పెట్రోలు మోటారును ఎట్టి పరిస్థితిలోనూ అమ్మవద్దు.

కొనేముందు వేగం సంగతి మీరిద్దరూ కలిసి అర్థం చేసుకోవాలి. వేగం పెరిగేకొద్దీ పడవ అడిగే శక్తి విపరీతంగా పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే శక్తి దాదాపు ఎనిమిది రెట్లు కావాలి. నీటిని తాకే భాగం పద్దెనిమిది అడుగులున్న పడవకు గంటకు పదిన్నర కిలోమీటర్ల దగ్గర ఒక హద్దు ఉంటుంది. అక్కడికి చేరేసరికి తాను లేపిన అలనే పడవ ఎక్కవలసి వస్తుంది. అణియం (పడవ ముందు భాగం) పైకి లేస్తుంది, అమరం (వెనక భాగం) కుంగుతుంది, వెనకాల నీరు గుంటపడుతుంది. మీ నాన్నగారు రోజూ వెనక్కి తిరిగి చూసే గుంటే అది. ఆయన పోసే పెట్రోలులో పెద్ద భాగం అందులోకే పోతోంది.

ఇప్పుడు మీ పడవ లెక్క చూద్దాం. పడవ, వల, మంచు పెట్టె, ఇద్దరు మనుషులు కలిసి ఏడెనిమిది వందల కిలోలు అనుకుందాం. నిలకడ నీటిలో గంటకు ఏడు కిలోమీటర్లు పోవడానికి ఒక కిలోవాట్ కొంచెం అటూ ఇటూగా సరిపోతుంది. పది కిలోమీటర్లు పోవాలంటే మూడు కిలోవాట్లు కావాలి. 48 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో సుమారు ఐదు యూనిట్ల కరెంటు పడుతుంది. అడుగంటా వాడకుండా నాలుగు యూనిట్లే వాడుకుంటామనుకోండి. ఏడు కిలోమీటర్ల వేగంతో పోతే నాలుగు గంటల్లో 28 కిలోమీటర్లు తిరగవచ్చు. పది కిలోమీటర్ల వేగంతో పోతే గంటా ఇరవై నిమిషాలకే అయిపోతుంది, పద్నాలుగు కిలోమీటర్లు కూడా రాదు. బ్యాటరీ అదే, పడవ అదే. కాస్త తొందరపడినందుకు సగం దూరం పోయింది.

పెట్రోలు ఈ తప్పును ఇన్నాళ్లూ కప్పిపుచ్చింది. లీటరు పెట్రోలులో సుమారు తొమ్మిది యూనిట్ల శక్తి ఉంటుంది. మీ పడవకున్నలాంటి చిన్న మోటారు అందులో ఆరో వంతు ప్రొపెల్లరుకు అందిస్తే గొప్ప. మిగిలినదంతా వేడి, పొగ, హోరు. అందుకే లీటరు పెట్రోలు చేసే పనిని బ్యాటరీలోని ఒకటిన్నర, రెండు యూనిట్లు చేసేస్తాయి. కానీ లీటరు పెట్రోలు ముప్పావు కిలో బరువు ఉంటుంది, ఒక యూనిట్ నిలువచేసే బ్యాటరీ పది కిలోల దాకా తూగుతుంది. సముద్రంలోకి వెళ్లేవాళ్లు అదనంగా ఒక డబ్బా పెట్రోలు పడేసుకుంటారు. కరెంటును అలా డబ్బాలో పట్టుకెళ్లలేం. మొగ దాటవద్దని నేను అంటున్నది ఇందుకే. అక్కడ అలలు విరిగే చోట పూర్తి బలం ఒకేసారి కావాలి, వెనక్కి తిరిగి రావడానికి ఇంకా మిగిలి ఉండాలి.

వశిష్ఠలో నిలకడ నీరు ఎంతసేపు ఉంటుందో మీ నాన్నగారికి తెలిసినంతగా నాకు తెలియదు. ఆ తెలివే ఈ బ్యాటరీకి ప్రాణం. ఉదాహరణకు ఎనిమిది కిలోమీటర్ల అవతల వల వేస్తారనుకుందాం, నీటి వాలు, అంటే ప్రవాహం, గంటకు మూడు కిలోమీటర్లు ఉందనుకుందాం. పాటుతో (నీరు సముద్రం వైపు తీసేటప్పుడు) దిగి పోటుతో (నీరు పైకి ఎక్కేటప్పుడు) తిరిగొస్తే రెండుసార్లూ నీరే తోస్తుంది. గంటకు పది కిలోమీటర్ల చొప్పున గంటా ముప్పావు దాటకుండా రానూపోనూ అయిపోతుంది. రెండుసార్లూ ఎదురైతే నికరంగా నడిచేది గంటకు నాలుగు కిలోమీటర్లే. పోవడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు, బ్యాటరీలో వాడుకోదగ్గ నాలుగు యూనిట్లూ ఖర్చు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో వాలు ఇంకా జోరుగా ఉంటుంది. పెట్రోలు మోటారు వచ్చాక పోటు పాట్లు చూసుకుని బయలుదేరే అలవాటు చాలా ఇళ్లలో పోయింది. మీ తాతగారి కాలంలో తెడ్డుతో, తెరచాపతో వెళ్లినవాళ్లకు అది కడుపులో ఉన్న విద్య. కరెంటు మోటారుతో ఆ విద్య మళ్లీ అవసరమవుతుంది.

వరద ఎర్రనీరు దిగే రోజుల సంగతి వేరు. పులసల కోసం అందరూ ఏటిలో ఉండే కాలమది. వాలు గంటకు ఏడు కిలోమీటర్లకు చేరితే, ఒక కిలోవాట్ పెట్టి ఎదురెక్కే పడవ ఒడ్డున ఉన్న కొబ్బరిచెట్టుకు ఎదురుగా నిలబడిపోతుంది. ప్రొపెల్లర్ తిరుగుతూనే ఉంటుంది, చెట్టు కదలదు. ఆ నెలల్లో పెట్రోలు మోటారు బిగించుకోవాలి. ఇక ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగిరిన రోజున ఏ మోటారూ వద్దు, పడవ కట్టేయాలి.

కాబట్టి ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందు ఇలా చేయండి. ఫోనులో వేగం చూపించే జీపీఎస్ యాప్ ఒకటి వేసి నాన్నగారి చేతికివ్వండి. ఉన్న పెట్రోలు మోటారుతోనే, వారం రోజులపాటు, నీరు నిలకడగా ఉన్నప్పుడు గంటకు ఏడు కిలోమీటర్లు దాటకుండా నడపమనండి. మీరు కొనబోయే మోటారుతో పడవ బతుకు ఎలా ఉంటుందో ఆ వారంలోనే తెలిసిపోతుంది. తెల్లవారుజామున రేవులో చేపల వేలం పాట మొదలయ్యేలోపు చేరుకుంటున్నారా? అరగంట ఆలస్యానికి ధర పడిపోతోందా? ఆ ఆలస్యం ఆయనకు చిరాకు పుట్టిస్తోందా, లేక హోరు తగ్గినందుకు హాయిగా ఉందా? వారం తర్వాత 'నావల్ల కాదు' అంటే అక్కడితో ఆపేయండి, మీ డబ్బు మిగిలింది. 'ఫరవాలేదు' అంటే ఇంకో పదిహేను రోజులు చిన్న పుస్తకంలో లెక్క రాయించండి: ఎన్ని గంటలకు బయలుదేరారు, పోటా పాటా, ఎంత దూరం, ఎంత పెట్రోలు పట్టింది. గుర్తులు గీసిన సీసాతో పోస్తే పెట్రోలు లెక్క తప్పదు. ఎంత బ్యాటరీ కావాలో ఆ పుస్తకమే చెబుతుంది. దుకాణంలో హార్స్‌పవర్ గురించి ఎంత చెప్పినా సరే, మీరు రోజుకు ఎన్ని యూనిట్లు కావాలో చెప్పి బేరమాడండి.

ఇలాంటి లెక్కతో నడిచే పడవ మన పక్కనే ఉంది. కేరళలో వైకం, తవణక్కడవు రేవుల మధ్య 'ఆదిత్య' అనే సౌరశక్తి పడవ 2017 జనవరి నుంచి ప్రయాణికులను దాటిస్తోంది. 75 మంది పడతారు. అది నిలదొక్కుకోవడానికి పైన ఉన్న సోలార్ పలకలు ఎంత కారణమో, దాని దారి ముందే తెలిసి ఉండటం అంతే కారణం. రెండున్నర కిలోమీటర్ల దారి, నిదానమైన వేగం, రోజుకు ఇన్ని తిరుగుళ్లని ముందే రాసిపెట్టుకున్న పట్టిక. వేటకు అలాంటి పట్టిక ఉండదు. కనీసం మీ పుస్తకంలో లెక్కయినా ఉండాలి. సోలార్ పలకలు మీ పడవ మీద పెట్టించవద్దు. వల విసిరే చోట అవి అడ్డం, గాలివానలో అవే తెరచాప అవుతాయి. ఇంటి కప్పు మీద ఎన్నయినా పెట్టించుకోండి.

'నీళ్లలో కరెంటేమిటి' అన్న భయానికి వస్తాను. పడవ వెనక తగిలించే మోటారు లోకంలో పుట్టిందే కరెంటు మోటారుగా. 1881లో గుస్తావ్ త్రూవే అనే ఫ్రెంచి ఆయన పారిస్‌లో సెయిన్ నది మీద బ్యాటరీ మోటారుతో పడవ నడిపాడు. పెట్రోలు మోటార్లు ఆ తర్వాత వచ్చినవే. ఇంట్లో గోడలోని 230 వోల్టుల కరెంటు వేరు, పడవలోని 48 వోల్టుల బ్యాటరీ వేరు. అది సాధారణంగా మనిషిని లాగి చంపే రకం కాదు. అలాగని దాన్ని చులకన చేయకూడదు. రెండు కొసలూ తగిలితే వందల ఆంపియర్లు ఒక్కసారిగా పరుగెత్తి, తీగ ఎర్రగా కాలి నిప్పు పుడుతుంది. పడవలో భయపడవలసింది నిప్పుకు.

ఒకసారి కాకినాడ వైపు ఉప్పుటేరులో ఆగిపోయిన చిన్న పడవను చూడటానికి వెళ్లాను. బ్యాటరీ పాడైందని, మోసపోయామని ఇంటిల్లిపాదీ దిగాలుగా కూర్చున్నారు. బ్యాటరీ నిక్షేపంగా ఉంది. ప్లస్ తీగ చివర చుట్టిన నల్లటి టేపు విప్పితే లోపల పచ్చటి పొడి రాలింది. రాగి తీగను చేత్తో వంచగానే పుటుక్కున విరిగింది, లోపలి పోగులన్నీ నల్లగా మాడి ఉన్నాయి. ఇళ్లకు వైరింగ్ చేసే కుర్రాడు తీగను మెలిపెట్టి నట్టు కింద దూర్చి టేపు చుట్టాడు. ఉప్పు గాలి ఆరు నెలల్లో దాన్ని తినేసింది. అలాంటి అతుకు దగ్గర తీగ వేడెక్కుతుంది, వేడికి ఇంకా తుప్పు పడుతుంది, ఒకరోజు ఏటి మధ్యలో తెగుతుంది. మీ నాన్నగారి భయం నిజమయ్యేది ఇలాంటి చోటే.

అందుకని వైరింగ్ దగ్గర పైసా మిగుల్చుకోవద్దు. మూడు కిలోవాట్ల మోటారు 48 వోల్టుల మీద 60 ఆంపియర్లకు పైగా లాగుతుంది. 25 చదరపు మిల్లీమీటర్లకు తక్కువ కాని, తగరపు పూత ఉన్న రాగి తీగ వేయించండి. కొసలకు లగ్గులు (తీగ చివర తొడిగే లోహపు కొనలు) ప్రెస్ యంత్రంతో నొక్కించి, లోపల జిగురు ఉన్న హీట్‌ష్రింక్ గొట్టం తొడిగించండి. ప్లస్ కొసకు జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. స్విచ్చు డీసీ (బ్యాటరీ ఇచ్చే కరెంటు) కోసం చేసినదై ఉండాలి. ఇంట్లో వాడే ఎంసీబీ స్విచ్చు డీసీలో రవ్వను ఆర్పలేక తానే కాలిపోతుంది. బ్యాటరీ నీరు దూరని పెట్టెలో, పడవ అడుగున నిలిచే మురికినీటికి ఎత్తుగా, బెల్టుతో కట్టి ఉండాలి. దాదాపు యాభై కిలోల బరువు కాబట్టి అమరం దగ్గర పెట్టకుండా నడిమికి జరపండి. లేకపోతే పడవ వెనక్కి కుంగి, నేను ముందు చెప్పిన నీటి గుంట తక్కువ వేగానికే మొదలవుతుంది.

బాబాయిగారి ఈ-ఆటో బ్యాటరీలకు నేను ఒప్పుకోను. నాలుగు బ్యాటరీలు కలిపితే వందా ఇరవై కిలోల దాకా ఉంటాయి. సీసం బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే తొందరగా చచ్చిపోతుంది కాబట్టి చేతికి అందేది రెండున్నర యూనిట్లే. ఛార్జింగులో మండే వాయువు వదులుతాయి. అంతకంటే పెద్ద భయం ఉంది: వాటిలోని ఆమ్లంతో ఉప్పునీరు కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. నీరు ఎక్కే చిన్న పడవలో అలాంటి పెట్టె వద్దు. లిథియంలోనూ ఐరన్ ఫాస్ఫేట్ రకమే అడగండి. మిగతా రకాల కంటే అది వేడికి నిలకడగా ఉంటుంది, రెండు మూడు వేల ఛార్జింగులు తట్టుకుంటుంది.

ఇంకో సంగతి నాన్నగారికి ప్రత్యేకంగా చెప్పండి. పెట్రోలు డబ్బా ఊపి చూస్తే ఎంత మిగిలిందో చేతికి తెలుస్తుంది. అయిపోయే ముందు మోటారు దగ్గుతుంది, వణుకుతుంది. లిథియం బ్యాటరీ అలా ముందుగా చెప్పదు. చివరిదాకా ఒకే బలంతో నడిచి, హద్దు రాగానే లోపలి రక్షణ సర్క్యూట్ టక్కున ఆపేస్తుంది. వోల్టులు చూపే చవక మీటరును నమ్ముకుంటే మోసపోతారు, ఎందుకంటే ఈ రకం బ్యాటరీలో వోల్టులు దాదాపు కదలవు. లోపలికి ఎంత వెళ్లింది, బయటికి ఎంత పోయింది అని లెక్కగట్టి శాతం చూపే మీటరు పెట్టించండి. మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ముట్టుకోకుండా ఉంచడానికి. ఎవరు తెస్తారన్న ప్రశ్నకు ఆ ముట్టుకోని భాగమే మొదటి జవాబు. రెండో జవాబు పడవలో ఎప్పుడూ ఉండవలసిన తెడ్లు, గెడ, చాలినంత తాడున్న లంగరు. లంగరు వేసి ఆరు గంటలు ఓపిక పడితే వాలు తిరుగుతుంది.

వల ప్రొపెల్లరుకు చుట్టుకున్నప్పుడు పాత అలవాటు ప్రమాదం. పెట్రోలు మోటారు వల పడగానే ఆగిపోతుంది, చేయి పెట్టి విప్పుతారు. కరెంటు మోటారు ఆగినా చప్పుడు చేయదు, నడుస్తున్నా పెద్దగా చేయదు. హ్యాండిల్ పొరపాటున తగిలితే ప్రొపెల్లర్ ఆ క్షణంలోనే పూర్తి బలంతో తిరుగుతుంది. మణికట్టుకు తాడుతో కట్టుకునే తాళం ఉంటుంది. అది లాగి జేబులో వేసుకున్నాకే ప్రొపెల్లరు దగ్గరకు చేయి వెళ్లాలి. అలాగే చీకట్లో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) నడిపేవాళ్లకు ఇన్నాళ్లూ మీ మోటారు చప్పుడే గుర్తు. ఇక మీదట దీపం, ఈల ఉండి తీరాలి.

డబ్బు లెక్క ఇలా ఉంది. మూడు లీటర్లకు, లీటరు 110 చొప్పున, రోజుకు 330 రూపాయలు. బ్యాటరీ నింపడానికి ఐదారు యూనిట్లు పడుతుంది, యూనిట్ ఏడు రూపాయలనుకున్నా 40 దగ్గర పడుతుంది. రోజుకు 290 మిగిలితే, ఏడాదికి 200 రోజులకు 58,000. మీ పెట్టుబడి తిరిగి రావడానికి ఐదేళ్ల దగ్గర పడుతుంది. ఎర్రనీటి నెలల్లో పెట్రోలు వాడతారు కాబట్టి ఇంకొంత పట్టవచ్చు. మూడు కిలోవాట్ల బదులు చిన్న మోటారు చాలునని మీ పుస్తకం చెబితే ఖర్చు తగ్గుతుంది. అప్పు చేసి మాత్రం కొనవద్దు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో లబ్ధిదారులకు 40 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం దాకా సాయం పెట్టారు. అయితే రాయితీ వస్తుందన్న దుకాణదారు నోటిమాట మీద అడ్వాన్సు ఇవ్వకండి, మత్స్యశాఖ మంజూరు కాగితం ముందు చేతికి రావాలి. పడవకు రిజిస్ట్రేషన్, బీమా ఉంటే మోటారు మారిన సంగతి అక్కడ రాయించండి.

వాడుక మొదలయ్యాక పని పెద్దగా ఉండదు. వేట ముగియగానే మోటారు నీటి నుంచి పైకెత్తి మంచినీళ్లతో కడగాలి. పాయలో నీరు సగం ఉప్పు, సగం మంచి కాబట్టి, తుప్పును తన మీదికి లాక్కునే లోహపు ముక్క అల్యూమినియందై ఉండాలి. సగం అరిగిపోగానే మార్చేయాలి. బ్యాటరీని ఇంటికి తెచ్చి నీడన చల్లారనిచ్చి, ఆర్‌సీసీబీ (కరెంటు కారితే వెంటనే ఆపేసే స్విచ్చు) ఉన్న ప్లగ్గులో ఛార్జింగ్ పెట్టాలి. ఇంటి నుంచి రేవులో పడవ దాకా తీగ లాగి పెట్టే పని ఎవరు చేసినా ఒప్పుకోవద్దు. నిజంగా ప్రాణం తీసేది ఆ 230 వోల్టుల తీగే. పెట్రోలు మోటారును నెలకొకసారి మంచినీటి డ్రమ్ములో తిప్పి, కార్బురేటర్ ఖాళీ చేసి ఉంచండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు నిలవ ఉంటే చెమ్మ పట్టి, వరద నెలలో అవసరానికి స్టార్టు కాదు.

చేపలు ఎక్కువ పడతాయని మాత్రం ఆశపెట్టను. చెవి సంగతి చెబుతాను. అమరం దగ్గర కూర్చుని ఎడమ చేత్తో హ్యాండిల్ పట్టుకునేవారికి మోటారు వైపు ఉండేది ఎడమ చెవే. హోరు వల్ల పోయిన వినికిడి తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. మోటారు కొన్నా కొనకపోయినా ఈ వారమే ఆయనను చెవి డాక్టరుకు చూపించండి. అప్పటిదాకా ఇప్పటి మోటారు నడిపేటప్పుడు రెండు చెవుల్లోనూ నురుగు బిరడాలు పెట్టుకోమనండి, మందుల దుకాణంలో దొరుకుతాయి. పదిహేను రోజుల లెక్క పూర్తయ్యాక ఆ పుస్తకం పేజీలను ఫొటో తీసి పంపండి. ఎన్ని యూనిట్ల బ్యాటరీ సరిపోతుందో, ఎంత మోటారు చాలో లెక్కవేసి చెబుతాను.